మిషన్ కళాశాలలో చేర్చే ముందు

విజయవాడ: పరీక్షా ఫలితాలు వెలువడింది మొదలు కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వైపు నుంచి వచ్చే బస్సుల్లో తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని బెంజ్ సర్కిల్‌లో దిగడం ఏటా చూస్తున్నదే. వారిలో పలువురు మేరీస్ స్టెల్లాకో, ఆంధ్ర లయోలాకో దరఖాస్తు తెచ్చుకోవడానికి వచ్చినవారు. ఇంటికి చేరాక రచ్చబండ దగ్గర రెండు రకాల మాటలు వినబడతాయి. ‘ఫాదర్ల కాలేజీ, కళ్లు మూసుకుని చేర్చెయ్’ అని కొందరు. ‘అక్కడ చేరితే మతంలో కలిపేసుకుంటారు’ అని మరికొందరు. రెండూ విచారించకుండా అనే మాటలే.

లయోలాను 1953లో జెస్యూట్ ఫాదర్లు స్థాపించారు. మేరీస్ స్టెల్లాను 1962లో ఫ్రాన్సిస్కన్ సిస్టర్లు ఆడపిల్లల కోసం నెలకొల్పారు. నాటి నుంచి అన్ని మతాల పిల్లలూ వాటిలో చదువుకుంటున్నారు. అల్పసంఖ్యాక వర్గాలు విద్యాసంస్థలు నడుపుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. అలాగే ప్రభుత్వ గుర్తింపు గానీ, గ్రాంటు గానీ పొందే ఏ సంస్థలోనైనా విద్యార్థిని మతబోధకు, ప్రార్థనకు బలవంతపెట్టరాదని 28వ అధికరణం శాసిస్తున్నది. విద్యార్థి మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. ఈ నిబంధన ఏ మతం వారు నడిపే సంస్థకైనా ఒకటే. కళాశాలలో చేరినంత మాత్రాన మతం మారదు, కులధ్రువపత్రమూ మారదు.

కనుక తేల్చుకోవలసింది మతం సంగతి కాదు, ఆ కళాశాల పద్ధతి మన బిడ్డకు సరిపడుతుందా అన్నది. హాజరు, దుస్తులు, హాస్టలు వేళలు, ఇంటికి పంపే రోజులు, భోజనం వంటి వాటిలో కట్టుబాట్లు ఏ మేరకు ఉన్నాయో ముందే అడగాలి. వెన్నంటి ఉండి చదివించేవారు కావలసిన పిల్లలకు అటువంటి కట్టుబాటు మేలు చేస్తుంది. తనంతట తాను చదువుకునే బిడ్డకు అదే ఊపిరాడనివ్వకపోవచ్చు. నీతిపాఠాల తరగతిలో ఏమి చెబుతారో, రానివారికి ఇబ్బంది ఉంటుందో లేదో అడగడం తప్పు కాదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఇంగ్లీషు పాఠాలను అందుకోవడానికి ఏ సాయం చేస్తారో కూడా తెలుసుకోవాలి.

ఫీజు విషయం మరీ ముఖ్యం. ఒకే ఆవరణలో ఎయిడెడ్ కోర్సు, సొంత నిధులతో నడిచే కోర్సు పక్కపక్కనే ఉండవచ్చు. రెండింటి ఫీజుకూ చాలా తేడా ఉంటుంది. 2021లో ఎయిడెడ్ కళాశాలలకు ప్రభుత్వ గ్రాంటు నిలిపివేసే ప్రతిపాదన వచ్చినపుడు రాష్ట్రంలో పలుచోట్ల విద్యార్థులు, తల్లిదండ్రులు ఆందోళన చేయడం వెనుక ఉన్న భయం ఈ ఫీజు గురించే. వరి అమ్మిన డబ్బు మొదటి సంవత్సరానికే సరిపోతే మిగిలిన సంవత్సరాలకు అప్పే గతి. సగంలో చదువు మాన్పించే పరిస్థితి వస్తే ముందుగా ఇంటికి వచ్చేది ఆడపిల్లే.

కళాశాలల యాజమాన్యాలు కూడా నియమాలను, అన్ని సంవత్సరాల ఫీజు వివరాలను తెలుగులో అచ్చువేసి దరఖాస్తుతో పాటే ఇవ్వాలి. సంతకం పెట్టే తండ్రికి చదివి అర్థం చేసుకునే అవకాశం కల్పించడం వారి ధర్మం. ఇక తల్లిదండ్రులు ఊరివారి మాట కంటే ముందు తమ బిడ్డ మాట వినాలి. తరగతిలో కూర్చునేది, హాస్టల్లో ఉండేది ఆ బిడ్డే కదా!