యంత్ర సారథ్యము

బండికి సారథి కావలెనన్నది అనాదిగా వచ్చుచున్న మాట. నేడు ఆ స్థానమున యంత్రమును నిలుపుటకు శాస్త్రజ్ఞులు యత్నించుచున్నారు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి.యందు ‘తిహాన్’ అను పరిశోధనా కేంద్రము కలదు. డ్రైవరు లేని వాహనములను పరీక్షించుటకై అచట ప్రత్యేకముగా బాటలు నిర్మించిరి. ఆ పరీక్షాక్షేత్రము 2022లో ప్రారంభమైనది.

యంత్రముచే బండిని నడిపించు పద్ధతులలో నియమములపై ఆధారపడినది యొకటి. “ఎఱ్ఱదీపము వెలిగినచో ఆగుము, ముందు బండి దగ్గఱైనచో వేగము తగ్గింపుము” అని మానవుడు ముందుగా వ్రాసియుంచిన ఆజ్ఞలను కంప్యూటరు పాటించును. కెమెరాలును, రాడారును దానికి కన్నులు. దీని గుణములు తక్కువవి కావు. యంత్రమునకు నిద్ర రాదు, కోపము లేదు, మద్యపానము లేదు. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. ఆజ్ఞలు వ్రాతలో నుండుటచే, ప్రమాదము జరిగిననాడు దోషము ఏ నియమమున నున్నదో వెదకి పట్టవచ్చును.

అయినను, వ్రాయని నియమమును యంత్రమెఱుగదు. కంది ప్రక్కనుండి వచ్చు 65వ జాతీయ రహదారియే నగరము దాటి, మలక్‌పేట మీదుగా విజయవాడకు సాగును. మలక్‌పేటలో ఆ దారిని చూచినవారికి ఈ లోపము తెలియగలదు. బస్సుల నడుమ ఆటోలు దూరును. ఎదురుదిశలో మోటారుసైకిలు వచ్చును. పాదచారులు చేయి చూపుచు బండ్ల మధ్యనుండి దాటుదురు. చేయి చూపిన ముదుసలి ఆగునో, అడుగు వేయునో ఆమె ముఖము చూచి డ్రైవరు గ్రహించును. రైలు వంతెన క్రింద వాననీరు నిలిచినప్పుడు ముందుబండి చక్రములను చూచి లోతు తెలిసికొనును. ఇట్టివాటినన్నిటిని ముందుగా వ్రాసి పెట్టుట ఎవరి తరము?

2018 మార్చిలో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున, పరీక్షలోనున్న ఇట్టి కారొకటి, రాత్రివేళ సైకిలును నడిపించుకొనుచు దారి దాటుచున్న స్త్రీని ఢీకొనగా ఆమె మరణించెను. గీతలు లేనిచోటను మనుజులు దాటుదురన్న ఊహ ఆ యంత్రపు ఏర్పాటులో లేదని విచారణలో తేలినది. కాపుగా కూర్చున్నవారి దృష్టియు దారిపై లేకుండెను.

అట్లని ఈ విద్యను విడువరాదు. మలక్‌పేటలో ఆ రోడ్డునకు పైగానే 2018 నుండి మెట్రోరైలు నడచుచున్నది. డ్రైవరున్నను, రైళ్ల వేగమును, వాని నడిమి దూరమును కంప్యూటరు కాపాడుచున్నది. ఆ పట్టాలపై అడ్డువచ్చువారు లేరు. కావున అచట నియమములు చాలుచున్నవి.

దీనినిబట్టి చేయదగినది స్పష్టము. యంత్ర సారథ్యము మొదట పాదచారులును ద్విచక్రవాహనములును రాని, హైదరాబాదు చుట్టునున్న 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డు వంటి దారులకే పరిమితము కావలెను. దాని నియమములను ప్రజలయెదుట ఉంచి పరీక్షింపవలెను. ప్రాణహాని జరిగినచో నేరమును యంత్రముపై నెట్టరాదు. నియమము వ్రాసినవారును, అనుమతి నిచ్చినవారును బాధ్యత వహింపవలెను. యంత్రమునకు నియమము నేర్పు మానవుడు తానును దారిలో నియమము తప్పకుండుట అన్నిటికంటె ముందు కావలసిన పని.