ఒక్క కాయ కోసం పదిహేడేళ్లు!

పరిశోధన ఫెలోషిప్ అనగానే ల్యాబు, కంప్యూటరు, లావుపాటి థీసిస్ గుర్తొస్తాయి. పాతకాలపు ఉద్యానవనాల్లో అరుదైన మొక్కలను కాపాడేందుకు ఇచ్చే ఫెలోషిప్‌లకు అవి చాలవు. మట్టి అంటిన చేతులుండాలి. బోలెడంత ఓపిక కావాలి. ఎంత ఓపికో తెలియాలంటే 'కఫే మారన్' కథ వినాలి.

హిందూ మహాసముద్రంలో మారిషస్‌కు చెందిన చిన్న దీవి రోడ్రిగ్స్. అక్కడ మాత్రమే పెరిగే ఈ మొక్క, కాఫీకి చుట్టం. ఎప్పుడో అంతరించిందనుకున్నారు. 1980లో ఓ బడిపిల్లాడి కంటపడింది, ఒకే ఒక్కటి! సంగతి తెలియగానే నాటుమందుకని జనం కొమ్మలు విరవడం మొదలుపెట్టారు. చుట్టూ కంచె వేయాల్సి వచ్చింది.

1986లో దాని కొమ్మముక్కల్ని విమానంలో లండన్‌లోని క్యూ గార్డెన్స్‌కు పంపారు. 1759 నాటి తోట అది. ఒక ముక్క వేరు పట్టింది. పెరిగింది, పూసింది. కాయ కాస్తే ఒట్టు! కొమ్మలు నాటి ఎన్ని మొక్కలు చేసినా అన్నీ ఒకదానికొకటి నకళ్లే. ఒక్క తెగులు చాలు, అన్నీ పోవడానికి. విత్తనం ఉంటేనే వంశం నిలిచేది.

స్పెయిన్ నుంచి వచ్చి క్యూలో చేరిన కార్లోస్ మగ్దలేనా పట్టు వదల్లేదు. పువ్వులోని కీలాగ్రాన్ని కోసి, ఆ కోతమీద పుప్పొడి అద్దాడు. మళ్లీ మళ్లీ అద్దాడు. 2003లో కాయ పడింది, విత్తనాలొచ్చాయి. ఆ సంతానం తర్వాత పుట్టినింటికి, రోడ్రిగ్స్‌కు చేరింది.

కాయ కాయించినవాడి పేరు మనకు తెలుసు. అంతకుముందు పదిహేడేళ్లూ ఆ మొక్కను ఎండిపోకుండా చూసుకున్నవాళ్ల పేర్లు ఎందరికి తెలుసు? ఫెలోషిప్ ఇచ్చేది నిజానికి ఆ ఓపికకే.