మన ముసలితనం ఎవరి పద్దులో?

రిటైరైనవాళ్ళు ఆరోగ్య బీమా ప్రీమియం కట్టలేకపోతే ఏం చెయ్యాలి అని ఎవర్ని అడిగినా ముందుగా వచ్చే జవాబు ఒకటే. "పిల్లలు లేరా?" బీమా ఏజెంటు అదే అంటాడు, పింఛను ఆఫీసులోనూ అదే అంటారు. సెమినార్లలో స్త్రీవాదం మీద పత్రాలు చదివే మనం కూడా అదే అంటాం. అమాయకంగా వినిపించే ఈ ప్రశ్న వెనక ఒక పాత సిద్ధాంతం ఉంది. ఆడమనిషి ఒంటికి వచ్చే జబ్బు చిన్నప్పుడు తండ్రి ఖర్చు, తర్వాత మొగుడి ఖర్చు, ఆ పైన కొడుకు ఖర్చు. మనువు శ్లోకంలో చెప్పినదాన్ని పాలసీ కాగితం "డిపెండెంట్" అనే ఒక్క మాటతో చెబుతోంది, అంతే తేడా.

ప్రీమియం కట్టలేని ముసలి ఆడవాళ్ళకు అందాల్సిన సాయాన్ని దయ అనుకోవడం, పిల్లల ధర్మం అనుకోవడం మనం మానెయ్యాలి. అది వాళ్ళకు సమాజం బాకీపడిన కూలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే.

"ముందే దాచుకోవాల్సింది కదా" అని రెండో జవాబు వస్తుంది. దేన్ని దాచుకోవాలి? మా ఊళ్ళో నాకు తెలుగు చెప్పిన టీచరుగారు ప్రైవేటు స్కూల్లో ఇరవయ్యేళ్ళకు పైగా పనిచేశారు. పెళ్ళికి ముందు కొన్నాళ్ళు, ఇద్దరు పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక మళ్ళీ కొన్నాళ్ళు, అత్తగారు మంచాన పడ్డప్పుడు మూడేళ్ళు మానేసి ఆ తర్వాత మళ్ళీ. ప్రావిడెంటు ఫండు పింఛను పథకం సర్వీసు ఏళ్ళని, జీతాన్ని లెక్కేస్తుంది. అత్తగారికి పక్క దులిపిన మూడేళ్ళు అందులోకి రావు. ఆ పథకంలో 2014 సెప్టెంబరులో కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలని ప్రకటించారు. దాన్ని 7,500 చేసి, కరువు భత్యం కలిపి, ఉచిత వైద్యం ఇవ్వాలని పింఛనుదారులు ఏళ్ళ తరబడి ధర్నాలు చేస్తున్నారు. ధరలు పెరిగినా ఈ పింఛను పెరగదు. ప్రీమియం మాత్రం వయసుతో పాటు పెరుగుతుంది, వైద్యం ఖరీదుతో పాటు ఇంకోసారి పెరుగుతుంది.

ఆడవాళ్ళం మగవాళ్ళకంటే సగటున ఎక్కువ కాలం బతుకుతాం. అంటే అతి తక్కువ ఆదాయంతో, అతి ఎక్కువ రేటు ఉండే వయసులో, ఎక్కువ ఏళ్ళు ప్రీమియం కట్టాల్సింది మనమే. బీమా కంపెనీ దీన్ని రిస్కు అంటుంది. ఇల్లూ బడీ కలిపి నలభయ్యేళ్ళు చాకిరీ చేసిన ఒళ్ళు, చివరికి వాళ్ళ పట్టికలో ఒక రిస్కుగా మిగులుతుంది.

ఉద్యోగం చెయ్యని భార్యల కథ వేరుగా ఉంటుందనుకుంటే పొరపాటు. బ్యాంకు ఉద్యోగుల సంగతే తీసుకుందాం. 2015లో కుదిరిన పదవ ద్వైపాక్షిక ఒప్పందం తర్వాత రిటైరైనవాళ్ళకు కూడా బృంద ఆరోగ్య బీమా వచ్చింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రీమియం బ్యాంకు కడుతుంది, రిటైరయ్యాక ఎవరిది వాళ్ళే కట్టుకోవాలని పెట్టారు. అక్కణ్ణించి రిటైరైనవాళ్ళ ప్రీమియం ఎన్నో రెట్లు పెరిగింది. ఇదే కాలంలో బ్యాంకు ఉద్యోగుల వితంతువులకు వచ్చే కుటుంబ పింఛనుకు 9,284 రూపాయల గరిష్ఠ పరిమితి ఉండేది. ఆ పరిమితి తీసేసి చివరి జీతంలో 30 శాతం ఇస్తామని ప్రకటించింది 2021 ఆగస్టులో. అంటే ఆరేళ్ళపాటు ఎంతోమంది వితంతువులు ఒకవైపు పెరగని పింఛనునీ, మరోవైపు ఆగకుండా పెరిగే ప్రీమియాన్నీ చూస్తూ గడిపారు.

మా పెద్దమ్మ వాళ్ళలో ఒకావిడ. ఒక ఏడాది రెన్యువల్ నోటీసు వచ్చేసరికి అందులో అంకె ఆవిడ మూడు నెలల పింఛనుకు పైనే ఉంది. "ఈ ఏడుకి వద్దులే, మందులతో నెట్టుకొస్తా" అంది. ఆ మాటలో త్యాగం ఉందని మా ఇంట్లో అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. త్యాగం కాదది, వెలివేత. పెదనాన్న ఉండగా పెరిగిన ప్రీమియానికి ఇద్దరూ కలిసి గొణుక్కునేవాళ్ళు, కానీ కట్టేవాళ్ళు. ఆయన పోయాక ఆవిడ ప్రాణం మాత్రమే మిగిలింది కాబట్టి అది అనవసరపు ఖర్చయిపోయింది. ఆవిడ స్వయంగా అలా అనుకుంది. పితృస్వామ్యం మనచేతే మన పద్దు కొట్టేయిస్తుంది.

ఇక మూడో జవాబు. "ప్రభుత్వ పథకాలున్నాయి కదా." ఉన్నాయి. అవి లేవని అనడం అబద్ధం అవుతుంది, అది మనవాళ్ళకు నష్టం కూడా. కాకపోతే ప్రతి పథకానికీ ఒక కంత ఉంది. ఆ కంతల్లోంచి ఎవరు జారిపోతున్నారో చూడాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాళ్ళ ప్రాణాలు నిలబెట్టింది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలు చేశారు. అయితే అర్హత రేషన్ కార్డుతో ముడిపడి ఉంది. కార్డు మనిషికి కాదు, కుటుంబానికి. కొడుక్కి జీతం వస్తే తల్లి పేదది కాకుండా పోతుంది. ఆ జీతంలో ఆవిడ చేతికి ఒక్క రూపాయి వస్తుందా లేదా అని అడిగే గడి ఏ దరఖాస్తులోనూ లేదు.

ఆదాయంతో నిమిత్తం లేకుండా డెబ్బై ఏళ్ళు నిండిన అందరికీ కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ కింద వైద్యం అని 2024 అక్టోబరు 29న కేంద్రం ప్రారంభించింది. దానికి కొడుకు జీతం అడ్డురాదు, ప్రైవేటు పాలసీ ఉన్నా అడ్డురాదు. ఇది మంచి మార్పే. కానీ ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. షుగరు మాత్రలకీ, నెలనెలా చేయించుకునే పరీక్షలకీ వర్తించదు. పైగా ప్రావిడెంటు ఫండు పింఛను యాభై ఎనిమిదికి మొదలవుతుంది, ఈ కార్డు డెబ్బైకి వస్తుంది. మధ్యలో పన్నెండేళ్ళు. కీళ్ళు అరిగి, గర్భసంచి జారి, రొమ్ములో గడ్డ తగిలి ఆడవాళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగే పన్నెండేళ్ళవి.

బీమా నియంత్రణ సంస్థ కూడా కొంత కదిలింది. అరవై ఐదు దాటినవాళ్ళకు కొత్త పాలసీ ఇవ్వనక్కర్లేదనే పరిమితి 2024 ఏప్రిల్‌లో పోయింది. వృద్ధుల ప్రీమియాన్ని ముందుగా తమను సంప్రదించకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదని 2025 జనవరిలో కంపెనీలను ఆదేశించింది. బాగానే ఉంది. ఏటా 10 శాతం పెరిగితే ఎనిమిదేళ్ళు తిరక్కుండానే ప్రీమియం రెట్టింపవుతుంది. ఎనిమిదేళ్ళలో రెట్టింపయ్యే పింఛను ఎవరికైనా వస్తోందా? 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. అదీ మంచిదే. కానీ ఆ మినహాయింపు బృంద పాలసీలకు ఇవ్వలేదు. మా పెద్దమ్మ లాంటివాళ్ళు ఉన్నది సరిగ్గా ఆ బృందంలోనే. ఇక ప్రీమియం మీద ఆదాయపు పన్ను రాయితీ అంటారా, పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాళ్ళకి కదా రాయితీ!

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం గురించి కూడా చెప్పాలి. పోషణ అంటే తిండీ బట్టా మాత్రమే కాదు, వైద్యం కూడా అని ఆ చట్టం నిర్వచించింది. బయటకి గెంటేసిన తల్లికి అది నిజంగా ఆయుధం. కానీ విధానంగా చూస్తే? రాజ్యం తన బిల్లుని ఇంటికి పంపిస్తోంది. ఇంట్లో డబ్బు కట్టేది కొడుకని రాసుకున్నా, ఆసుపత్రి దగ్గర కాపలా పడుకునేదీ, ఫారాలు నింపేదీ, ఫోన్లు చేసేదీ కూతురో కోడలో. నేనీ వివరాలన్నీ తెలుసుకోవడానికి పెట్టిన నెలల్ని ఏ పద్దులో రాయాలి? సాయం వెతకడం కూడా ఒక చాకిరీయే, అదీ మన మీదే పడింది.

అయినా ఆ చాకిరీలో తెలిసినవి దాచుకోవడం అన్యాయం. పాలసీ చెయ్యి జారిపోకముందే చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఏడాదికోసారి కట్టే పాలసీకి గడువు తేదీ దాటాక కూడా ముప్పై రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆ లోపు కడితే పాత కొనసాగింపు పోదు. అయితే ఆ మధ్య రోజుల్లో జబ్బు చేస్తే డబ్బు వస్తుందని నమ్ముకోకూడదు. నెలకో, మూడు నెలలకో వాయిదాగా కట్టే వీలుందేమో అడగాలి. అసలు పాలసీ మొత్తాన్ని తగ్గించి, పైన టాప్ అప్ తీసుకుంటే ప్రీమియం దిగుతుంది. వేరే కంపెనీకి మారాలంటే గడువుకు నలభై ఐదు రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. అప్పుడు పాత జబ్బులకు వేచి ఉన్న కాలం వృథా కాదు. ఇ.ఎస్.ఐ. కింద కనీసం ఐదేళ్ళు పనిచేసి వయసు రీత్యా రిటైరైనవాళ్ళు, ఏడాదికి 120 రూపాయలు కట్టి తమకూ జీవిత భాగస్వామికీ వైద్యం పొందవచ్చని నిబంధన ఉంది. మన స్కూలు టీచర్లలో, ఆసుపత్రి ఆయాల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో ఈ సంగతి ఎంతమందికి చెప్పారు? కంపెనీ అన్యాయంగా క్లెయిము తిరస్కరిస్తే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, హైదరాబాదులోనూ ఆఫీసుంది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం హక్కు. వృద్ధులకు 14567 హెల్ప్‌లైన్ ఉంది.

ఇన్ని కిటికీలు, ఒక్కొక్కటీ ఒక్కో చోట. అరవై ఆరేళ్ళ ఆవిడ మోకాళ్ళ నొప్పులతో వీటన్నిటి చుట్టూ తిరగాలన్నమాట.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి మన ఇంటి మాట కూడా ఒకటి అంటాను. తెలుగులో ముసలితనం మీద కథలకి కొదవ లేదు. వాటిలో ఎక్కువ భాగం ఒకే కథ. అమెరికాలో కొడుకు, గయ్యాళి కోడలు, వృద్ధాశ్రమం గేటు దగ్గర తల్లి, చివర్లో పాఠకుడి కన్నీరు. దోషి దొరికాడు, కథ ముగిసింది. ఆ తల్లి చేతిలో ఎంత డబ్బుంది, అది ఎందుకంతే ఉంది, ఆవిడ పాలసీ ఎప్పుడు రద్దయింది అని ఆ కథలు అడగవు. అబ్బూరి ఛాయాదేవి గారు వేరే దారి చూపారు. 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న "తన మార్గం" సంపుటి పేరులోనే ఆ దారి ఉంది. ముసలి ఆడమనిషికీ తనదైన ఇష్టం ఉంటుందని, అది ఎవరి దయా కాదని ఆవిడ మనకు నేర్పారు. ఆ మార్గంలో నడవడానికి అయ్యే ఖర్చు గురించి రాయడం మన తరం పని. ఒంటరిగా ఉండే హక్కు గురించి మాట్లాడుతూ, ఒంటరిగా జబ్బు పడే హక్కుని మర్చిపోతే ఆ స్వేచ్ఛ డబ్బున్నవాళ్ళదే అవుతుంది.

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. వైద్యానికి డెబ్బై ఏళ్ళ గీతని అరవైకి దించాలి. ఆడవాళ్ళ విషయంలో అర్హతని కుటుంబం కార్డుతో కాక ఆమె సొంత ఆదాయంతో చూడాలి. రిటైరైనవాళ్ళ బృంద పాలసీల మీద పన్ను తీసెయ్యాలి, యాజమాన్యాలు ప్రీమియంలో వాటా భరించాలి. పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకోవడానికి ఉద్యోగం మానిన ఏళ్ళని పింఛను సర్వీసులో కలపాలి. ఇవేవీ దానాలు కావు. వంటింట్లో, పురిటి గదిలో, రోగి మంచం పక్కన ఆమె ఎప్పుడో చెల్లించేసిన ప్రీమియానికి రసీదులు ఇమ్మంటున్నాం, అంతే.