కాగితం మీద వేలిముద్రతో తెగిపోయేది కాదు

పొలంపనిలో ట్రాక్టరు తిరగబడి కూలీ చనిపోతే మన ఊళ్ళల్లో ముందు జరిగేది పంచాయితీ. శవం లేవకముందే పెద్దమనుషులు చేరతారు. "పోయినోడు ఎట్లాగూ రాడు, కోర్టుల చుట్టూ తిరిగి మీరేం చేస్తారు, ఇంత ఇప్పిస్తాం, కాగితం మీద వేలిముద్ర వెయ్యండి" అంటారు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఆడమనిషి వేలు పట్టి ముద్ర వేయిస్తారు. వ్యవహారం అంతటితో తెగిందని అందరూ అనుకుంటారు.

తెగలేదు. ఆ కాగితం చెల్లదు. ఈ సంగతి మన కార్యకర్తల్లోనే చాలామందికి తెలియదు గనుక గట్టిగా చెబుతున్నాం. పనిలో మరణించిన కార్మికుని పరిహారాన్ని యజమాని కుటుంబం చేతిలో పెడితే ఇచ్చినట్టు కాదనీ, కమిషనర్ దగ్గర జమకట్టాలనీ 1923 నాటి నష్టపరిహార చట్టం శాసించింది. మూడు నెలల కూలికి మించకుండా ముందుగా ఇచ్చినదాన్ని మాత్రం లెక్కలో మినహాయిస్తారు. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చి పాత చట్టాన్ని మింగేసింది. ఈ నియమాన్ని మాత్రం మింగలేదు. కమిషనర్ అనే పేరు పోయి 'సమర్థ అధికారి' అయింది, అంతే.

పెద్దమనుషులు ఇప్పించేదెంత, చట్టం ఇప్పించేదెంత? లెక్క వేసి చూద్దాం. చనిపోయిన కూలీ వయసు 40, నెల సంపాదన 9,000 రూపాయలు అనుకుందాం. అందులో సగం 4,500. ఆ వయసుకు చట్టం పట్టికలో ఉన్న అంకె 184.17. హెచ్చిస్తే 8,28,765 రూపాయలు. ఇది దయ కాదు, ఎక్స్‌గ్రేషియా అంతకన్నా కాదు. 2018 జూన్‌లో వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది పోయినప్పుడు మంత్రులు పరుగున వచ్చారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. ప్రకటన మంత్రిగారి ఇష్టం. పరిహారం కార్మికుని హక్కు. ఈ రెండింటినీ కలిపి చూపించటం పాలకులకు ఎప్పుడూ సుఖమే.

మరి ఈ హక్కును చేతికి తెచ్చిపెట్టాల్సిన అధికారి ఎవరు? మన రెండు రాష్ట్రాల్లో ఇన్నాళ్ళూ ఆ పని కార్మిక శాఖ డిప్యూటీ కమిషనర్లకూ, అసిస్టెంట్ కమిషనర్లకూ అప్పగించారు. వారికి కనీస వేతనాల తనిఖీలున్నాయి, పరిశ్రమల తగాదాలున్నాయి, పై ఆఫీసుకు పంపే నివేదికలున్నాయి. నష్టపరిహారం కేసు వీటన్నిటి వెనక నిలబడుతుంది. మూడు నెలల్లో తేల్చాలని 2010లో అమల్లోకి వచ్చిన సవరణ చెప్పింది. ఆ మూడు నెలలు ఎవరి క్యాలెండరులోవో మాకు అర్థం కాలేదు.

అధికారాలు లేక కాదు సుమా! మరణవార్త ఎక్కణ్ణించి తెలిసినా సరే, ఎవరూ దరఖాస్తు పెట్టకముందే, యజమానికి నోటీసు పంపి 30 రోజుల్లో సంజాయిషీ అడగవచ్చునని పాత చట్టమే చెప్పింది. స్మృతిలోనూ ఆ అధికారం ఉంది. పత్రికలో వార్త పడిన రోజే నోటీసు పోవచ్చు. ఎన్ని పోయాయి? చదువురాని కార్మికుడు కోరితే దరఖాస్తును ఆ అధికారే దగ్గరుండి రాయించాలని కూడా పాత చట్టంలో రాసి ఉంది. ఆచరణలో ఆ పని ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చున్నవాడు చేసి, పరిహారంలో వాటా అడుగుతున్నాడు.

ఇక యజమాని వకీలు వాదన ఎప్పుడూ ఒకటే: వీడు మా కూలీ కాదు. మస్టరు ఎక్కడిది మన పొలాల్లో? పొద్దున మేస్త్రీ కేకేస్తే బండెక్కుతాం, సాయంత్రం కూలి డబ్బులు చేతిలో పెడతారు. కాగితం లేకపోవటం కూలీ నేరం కాదు. ఇన్సూరెన్సు కంపెనీ ఇంకో మెలిక పెడుతుంది: ట్రాలీలో కూర్చున్నవాళ్ళకు పాలసీ వర్తించదట. ఒకరు కాదంటే ఒకరు కాదంటారు, మధ్యలో విధవరాలు వాయిదాలు లెక్కపెట్టుకుంటుంది. ఆలస్యానికి 12 శాతం వడ్డీ, అకారణంగా ఎగ్గొడితే 50 శాతం దాకా జరిమానా అని 1923 చట్టంలో ఉండేది. చెయ్యి పోయిన ఒక వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు 1975లోనే తేల్చింది, పరిహారం బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజునేగాని తీర్పు చెప్పిన రోజున కాదని. ఒక చెయ్యి లేని వడ్రంగికి పని పూర్తిగా పోయినట్టేనని కూడా ఒప్పుకుంది. పత్తిచేనులో మందు కొట్టి కళ్ళు పోగొట్టుకున్న కూలీకీ, నూర్పిడి యంత్రంలో చేతివేళ్ళు తెగిన కూలీకీ ఇదే కొలత పెట్టమని అడుగుతున్నాం. ఈ రెండు పనులూ చట్టం పట్టికలో ఉన్నవే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. అన్ని కేసుల్లోనూ యజమాని భూస్వామి కాడు. మూడెకరాల కౌలురైతు అద్దె ట్రాక్టరు తెచ్చి దున్నిస్తే జరిగే ప్రమాదాలూ ఉన్నాయి. ఎనిమిది లక్షలంటే ఆయన కొంప కూలుతుంది. అలాగని కూలీ కుటుంబం వీధిన పడాలా? చిన్నరైతు తరఫున బీమా ప్రీమియం ప్రభుత్వమే కట్టాలి, పాలసీలో కూలీల పేరు స్పష్టంగా ఉండాలి. రైతునూ కూలీనీ పోట్లాటకు దించి కంపెనీ పక్కన నిలబడి చూడటం సాగనివ్వకూడదు.

నెలకొక రోజు మండల కేంద్రంలోనే విచారణ పెట్టాలి. జిల్లా కేంద్రానికి పోతే ఒక రోజు కూలి, బస్సు చార్జీ, సాక్షులకు అన్నం. తీరా వాయిదా పడితే అంతా మళ్ళీ మొదటికే. రిజిస్టరైన సంఘం ప్రతినిధి కార్మికుని తరఫున హాజరు కావచ్చునన్న వెసులుబాటు పాత చట్టంలో ఉన్నా మన సంఘాలు వాడుకున్నది తక్కువ. పాలమూరు నుంచి పొరుగు రాష్ట్రానికి వలసపోయి చనిపోయినవారి కుటుంబాలు సొంత జిల్లాలోనే దావా వేసుకునే వీలు 1995 సవరణతోనే వచ్చింది. అదీ అంతే.

ప్రమాదం జరిగిన ఊరికి ముందు చేరే కార్యకర్త పంచాయితీ కూర్చోకముందే నాలుగు పనులు చెయ్యాలి. ఆ రోజు పనిలో ఉన్న కూలీల పేర్లన్నీ రాసుకోవాలి. బండి నంబరు, బీమా పాలసీ వివరం పట్టుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం నకళ్ళు తీసుకోవాలి. ఆ ఇంటి ఆడమనిషికి, ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యొద్దమ్మా అని చెప్పాలి.