బ్యాటరీ టెస్ట్ వైఫైలో కాదు, సెల్లార్‌లో పెట్టండి!
6000 ఎంఏహెచ్ బ్యాటరీ కూడా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చకచకా ఎందుకు దిగిపోతుంది? 4జీ టవర్‌తో మాట కలపాలంటే ఫోన్ ముందుగా 64 ప్రియాంబుల్ కోడ్స్‌లో ఒకటి పంపాలి. మొదట తక్కువ పవర్‌తో పిలుస్తుంది. జవాబు రాకపోతే పవర్ పెంచి మళ్లీ పిలుస్తుంది. మామూలు ఫోన్లకు గరిష్ఠం సుమారు 200 మిల్లీవాట్లు. మొదటే ఫుల్ పవర్‌తో అరిస్తే పక్కవాళ్ల పిలుపులు టవర్‌కు సరిగా వినపడవు. కాబట్టి పద్ధతి కరెక్టే. కానీ వీక్ సిగ్నల్‌లో ఈ పిలుపులకైనా, తర్వాత డేటా పంపడానికైనా పవర్ ఎక్కువే కావాలి. ఆ బిల్లు కట్టేది మన బ్యాటరీ. పైగా సిగ్నల్ బార్స్ టవర్ మాట మనకెంత వినిపిస్తోందో చెప్తాయి, మన మాట టవర్‌కు చేరుతోందో లేదో చెప్పవు. అందుకే వైఫైలో వీడియో నడిపే టెస్ట్ ఒక్కటే చాలదు. వీక్ సిగ్నల్ టెస్ట్ లేని బ్యాటరీ రివ్యూ నా దృష్టిలో సగం రివ్యూనే. మీరూ అడగండి!