దినోత్సవం మర్నాడు

మార్చి 20 పిచ్చుకల దినోత్సవం. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ఆనంద దినోత్సవం కూడా ఆ రోజే. తెల్లారి 21న కవిత్వానికి, అడవులకు, నౌరోజ్‌కు, డౌన్ సిండ్రోమ్ అవగాహనకు, జాతివివక్ష నిర్మూలనకు అన్నిటికీ కలిపి ఒక్కటే రోజు. 22న నీళ్లు, 23న వాతావరణం, 24న క్షయ, 27న నాటకం. నవంబర్ 14న బడిలో పిల్లలకు చాక్లెట్లు పంచుతాం. ఇన్సులిన్ కనిపెట్టిన వారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు కాబట్టి ప్రపంచమంతా మధుమేహ దినం జరిపేదీ ఆ రోజే. ఇంకో అయిదు రోజులకు, నవంబర్ 19న, మరుగుదొడ్ల దినోత్సవమూ పురుషుల దినోత్సవమూ జంటగా వస్తాయి. క్యాలెండర్ ముందు పెట్టుకుని చూస్తే నవ్వు ఆగదు. నవ్వుకోవాల్సిందే. ఆ తర్వాత కొంచెం ఆలోచించాలి కూడా.

ఐక్యరాజ్యసమితి జాబితాలోనే ఇలాంటి దినాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. 1947లో అక్టోబర్ 24ను తన సొంత దినంగా ప్రకటించుకోవడంతో మొదలైంది ఈ వరస. ఏదో ఒక దేశం తీర్మానం ప్రతిపాదిస్తుంది, మిగతావి ఒప్పుకుంటాయి. తేనెటీగల రోజు స్లొవేనియా అడిగింది, బంగాళాదుంప రోజు పెరూ అడిగింది, పప్పుధాన్యాల రోజు బుర్కినా ఫాసో అడిగింది, యోగా రోజు మనం అడిగాం. మే 2 ట్యూనా చేపల దినోత్సవం అనగానే ఇక్కడ మనకు నవ్వొస్తుంది. కానీ పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న చిన్న ద్వీప దేశాలకు, తమ నీళ్లలో ట్యూనా పట్టుకునే పడవల దగ్గర వసూలు చేసే రుసుమే పెద్ద ఆదాయం. ఆ చేప తగ్గిపోతే బడులూ ఆసుపత్రులూ నడవడం కష్టం. వాళ్లకు ఆ రోజు కావాలి. కాబట్టి తేదీల మీద మాకు పేచీ లేదు. పేచీ అంతా తేదీ వచ్చినప్పుడు మనం చేసే పని మీద, మర్నాడు చేయని పని మీద.

జూన్ 5నే తీసుకోండి. 1972లో స్టాక్‌హోమ్‌లో పర్యావరణ మహాసభ మొదలైన రోజది. స్వీడన్‌లో అది హాయిగా ఉండే కాలం. మనకు మాత్రం రోహిణి కార్తె ఇంకా వెళ్లని రోజు. రోళ్లు పగిలే ఎండ అని మన పెద్దలు చెప్పేది ఈ కార్తె గురించే. సరిగ్గా ఆ ఎండలో మనం మొక్కలు నాటుతాం. గొయ్యి ముందురోజే తవ్వి ఉంటుంది. అతిథి వచ్చి, నల్ల సంచి కూడా పూర్తిగా చించని మొక్కను అందులో నిలబెడతాడు. పది చేతులు కలిసి ఆ ఒక్క మొక్కను పట్టుకుంటాయి. ఎవరో సీసాలో నీళ్లు అందిస్తారు, ఆ సీసా ప్లాస్టిక్‌ది. వెనక ప్లాస్టిక్ వద్దని చెప్పే ఫ్లెక్సీ, అదీ ప్లాస్టికే. ఫొటో అయిపోయాక నీడ ఉన్న చోటికి అందరూ వెళ్లిపోతారు, మొక్క ఒక్కటే ఎండలో మిగులుతుంది. మృగశిర చినుకు పడేదాకా రోజూ బిందెడు నీళ్లు పోసే మనిషిని పెట్టకపోతే అది బతకదు. ఈ సంగతి ఆ ఊళ్లో ఏ రైతును అడిగినా చెబుతాడు, కానీ కార్యక్రమపత్రం రాసేటప్పుడు రైతును ఎవరూ అడగరు.

1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టినప్పుడు జూలై నెలను ఎంచుకున్నారు. నేల తడిసి ఉండే నెల అది. ఎప్పుడు నాటితే మొక్క బతుకుతుందో ఆలోచించి పెట్టిన పండుగ. ఆ ఆలోచన మనది. దాన్ని వెనక్కి నెట్టి, నీళ్లు లేని రోజున నాటి, మళ్లీ ఏడాది అదే గోతిలో ఇంకో మొక్క నాటడం మాకు బాధగా ఉంది.

బడుల సంగతి చూస్తే మరీ జాలేస్తుంది. సాయంత్రం వాట్సాప్‌లో సందేశం వస్తుంది: రేపు ఫలానా దినోత్సవం, ప్రతిజ్ఞ చేయించాలి, ర్యాలీ తీయాలి, వ్యాసరచన పోటీ పెట్టాలి, ఫొటోలు పంపాలి. పొద్దున్నే పిల్లలు అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని నాలుగురోడ్ల కూడలిలో మానవహారం కడతారు. లెక్కల పాఠం ఆగిపోతుంది. పంపాల్సిన ఫొటోలు వెళ్లిపోతాయి. ఆ పిల్లలు దేని గురించి ప్రతిజ్ఞ చేశారో వారం తర్వాత అడిగి చూడండి. తప్పు వాళ్లది కాదు, ఉపాధ్యాయులదీ కాదు. ఫొటో అందిందా అని అడిగేవాళ్లున్నారు గానీ, పని జరిగిందా అని అడిగేవాళ్లు లేరు.

అడిగితే ఎలా ఉంటుందో మనమే ఒకసారి చేసి చూపించాం. పల్స్ పోలియో ఆదివారాలు గుర్తున్నాయా? ఆ రోజు చంటిపిల్లకు రెండు చుక్కలు వేసి, ఎడమ చేతి చిటికెన వేలి గోటి మీద సిరా గుర్తు పెట్టేవారు. ఆదివారంతో అయిపోయేది కాదు. సోమవారం నుంచి కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పిల్లల వేళ్లు చూసేవారు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద సుద్దతో ఇంగ్లీషు ‘పి’ అక్షరం రాసేవారు. తాళం వేసి ఉన్నా, పిల్ల ఊరెళ్లినా ఇంటు గుర్తు పెట్టేవారు. ఆ గుర్తున్న ఇంటికి మళ్లీ వచ్చేవారు. బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఇటుక బట్టీల దగ్గర కూడా పిల్లల్ని వెతికి చుక్కలు వేశారు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరాలో బయటపడ్డ కేసు, సహజ పోలియో వైరస్ వల్ల మన దేశంలో వచ్చిన చివరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు పోలియో లేదని ధ్రువపత్రం ఇచ్చింది. ఇంత పెద్ద గెలుపులో సగం బలం ఆదివారానిదైతే, మిగతా సగం ఆ ఇంటు గుర్తుది.

మన భాష దగ్గరికొద్దాం. ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. అదే రోజు ధ్యాన్‌చంద్ పేర జాతీయ క్రీడా దినోత్సవం, అణుపరీక్షల వ్యతిరేక దినం కూడా. సెప్టెంబర్ 9న కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. వేదికల మీద గిడుగును వ్యావహారిక భాషకు పాటుపడినవాడిగా పొగుడుతాం, న్యాయమే. కానీ పర్లాకిమిడిలో ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. అందుకు ఏళ్లకు ఏళ్లు ధారపోశారు. ఆయన జయంతి సభల్లో సవరల ఊసు వినపడేది చాలా తక్కువ. ఇక ఆగస్టు 30న తెలుగు సంగతేమిటి? దరఖాస్తు ఫారం మళ్లీ ఇంగ్లీషులోనే ఉంటుంది, మందుల చీటీ కూడా.

ఫిబ్రవరి 21 మాతృభాషా దినం వెనక 1952లో, అప్పటి పాకిస్థాన్‌లోని ఢాకాలో, తమ భాష కోసం నిలబడి కాల్పులకు బలైన విద్యార్థులున్నారు. బంగ్లా మాట్లాడేవాళ్లు ఆ మర్నాడూ వీధిలోనే ఉన్నారు, ఆ పై ఏళ్లూ ఉన్నారు. 1956లో పాకిస్థాన్ రాజ్యాంగం బంగ్లాను కూడా రాజభాషగా ఒప్పుకోక తప్పలేదు. యునెస్కో ఆ తేదీని గుర్తించింది 1999లో. అక్కడ పని ముందు జరిగింది, దినోత్సవం తర్వాత వచ్చింది.

సాహిత్య పత్రికగా మా వంతు కూడా ఉంది. దినోత్సవాల కవితలు మాకు కట్టలు కట్టలుగా వస్తాయి. పిచ్చుక దినం రాగానే పిచ్చుక పోయిందని, నీటి దినం రాగానే చెరువు ఎండిందని, అమ్మ దినం రాగానే అమ్మ దేవతని. వాటిలో మంచి మనసుంది, చూసిన పిచ్చుక మాత్రం లేదు. కోతల కాలంలో వరికంకులను కుచ్చులుగా అల్లి వసారా దూలానికి వేలాడదీసేవారు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. వాటి మీద వాలే పిచ్చుక గింజను ముక్కుతో ఎలా ఒలుస్తుందో, పొట్టు ఎటు విసురుతుందో ఒక పూట కూర్చుని చూసి రాసిన కవిత ఒక్కటి చాలు మాకు. పిచ్చుక పిల్లలు గింజలు తినలేవు, వాటికి పురుగులే కావాలి. పెరట్లో పురుగు మిగలకుండా మందు కొట్టిన చేత్తో రాసిన పిచ్చుక కవితను మేమేం చేసుకోవాలి?

అందుకే ఈ సంచిక నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ఫలానా దినోత్సవం వస్తోంది కాబట్టి అచ్చు వేయండి అని వచ్చే రచనకు ఆ కారణంగా చోటు ఇవ్వం. మంచి రచనకు ఏ నెలైనా సరే. పిచ్చుక మీద జూలైలో రాయండి, చెరువు మీద నవంబర్‌లో రాయండి, అమ్మ మీద మీకు ఎప్పుడు రాయాలనిపిస్తే అప్పుడు రాయండి. పోయిన జూన్‌లో మీ ఊళ్లో నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో లెక్కపెట్టి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపండి. ఆ ఉత్తరాలకు మా పత్రికలో మొదటి పేజీ ఇస్తాం.