మానిన మనిషికి పనెవరు ఇస్తారు?

మత్తుమందుల చర్చల్లో పోర్చుగల్ పేరు రాగానే అందరూ చెప్పేది ఒకటే: అక్కడ వాడేవాళ్ళను జైల్లో పెట్టరు. నిజమే. 2001 జూలై 1 నుంచి, పది రోజుల సొంత వాడకానికి మించని సరుకుతో దొరికితే అక్కడ అది క్రిమినల్ కేసు కాదు. అమ్మేవాళ్ళకు మాత్రం ఇప్పటికీ జైలే. ఆ చట్టం రావడానికి ముందే, 1998లో, వాళ్ళు ‘విదా ఎంప్రేగో’ అనే పథకం మొదలుపెట్టారు. మత్తు మానుతున్నవారికి పని చూపించే పథకం అది. మనం ఎక్కువగా తెలుసుకోవలసింది దీని గురించే.

1990లలో కోటి జనాభా ఉన్న ఆ దేశంలో దాదాపు వందకు ఒకరు హెరాయిన్‌లో చిక్కుకున్నారు. సమస్య తమ ఇంటిదాకా వచ్చాక జనం దాన్ని చూసే తీరు మారింది. పట్టుబడిన మనిషిని ఇప్పుడు కోర్టుకు కాక జిల్లాలోని ముగ్గురు సభ్యుల కమిషన్ దగ్గరికి పంపుతారు. అందులో న్యాయం తెలిసినవారితో పాటు వైద్యం, మనస్తత్వశాస్త్రం, సామాజిక సేవ లాంటి రంగాలవారు ఉంటారు. బానిసైపోయిన మనిషి చికిత్సకు ఒప్పుకుంటే కేసు పక్కన పెడతారు.

చికిత్స తర్వాతి అడుగు ‘విదా ఎంప్రేగో’ది. పనిలో శిక్షణ ఇప్పించడం, ఉద్యోగం ఇచ్చే యజమానికి ఖర్చులో కొంత ప్రభుత్వం భరించడం అందులో భాగంగా ఉండేవి. అన్నిటికన్నా నాకు నచ్చింది మధ్యవర్తి ఏర్పాటు. యజమానితో, పనివాడితో, చికిత్స కేంద్రంతో ఆ ఒక్క మనిషే మాట్లాడుతూ ఉండేవాడు. పనివాడు రెండు రోజులు రాకపోతే ఎవరికి చెప్పాలో యజమానికి తెలిసేది. అనుమానమున్న యజమానికి జీతంలో సాయం కన్నా ఈ భరోసాయే పెద్దది.

ఇక్కడ మనమూ ఏమీ చేయడం లేదని కాదు. 1985 నాటి మన మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్, తనంతట తాను చికిత్సకు వచ్చే బాధితుడికి కొన్ని కేసుల్లో విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. డీఅడిక్షన్ కేంద్రాలు ఉన్నాయి. కానీ వాటిదాకా చేరేవారే తక్కువ. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసిన, 2019లో వెలువడిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. చేరి, కోలుకుని తిరిగొచ్చిన మనిషికి ఊళ్ళో ఎదురయ్యేది అనుమానం. మేస్త్రీ పనికి పిలవడు, లారీ ఓనరు తాళం ఇవ్వడు. ఖాళీగా తిరిగే మనిషిని మళ్ళీ పలకరించేది పాత స్నేహితులే. ఇంత కష్టపడి చేసిన చికిత్స అక్కడ వృథా అవుతోంది.

పోర్చుగల్‌లో అంతా సవ్యంగా ఉందనీ అనను. ఇంజెక్షన్లతో మత్తు ఎక్కించుకునేవారిలో కొత్త హెచ్‌ఐవీ కేసులు 2001లో వెయ్యి దాటితే, తర్వాతి పదిహేనేళ్ళలో పదుల్లోకి తగ్గిన మాట నిజమే. కానీ ఆర్థిక సంక్షోభం వచ్చి 2012 తర్వాత సేవల నిర్వహణ చెదిరిపోయేసరికి, లిస్బన్, పోర్టో వీధుల్లో మళ్ళీ ఫిర్యాదులు మొదలయ్యాయి. చట్టం మారలేదు, దాని వెనకున్న మనుషులు తగ్గారు, డబ్బూ తగ్గింది.

మానినవారికి పని చూపించడానికి మనకు కొత్త వ్యవస్థ అక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన ఆడవాళ్ళు అక్కడితో ఆగలేదు, పొదుపు సంఘాలూ కట్టుకున్నారు. ఈ రోజు తెలుగు రాష్ట్రాల్లో మహిళా సంఘం లేని ఊరు అరుదు. ఏ ఇంట్లో ఎవరు తాగుతున్నారో, ఎవరు మానారో, ఎవరి దగ్గర పని ఉందో ఆ సంఘాలకు తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు. ఆ సంఘాల మండల సమాఖ్యకు ఒక మధ్యవర్తిని జీతమిచ్చి నియమించాలి. కోలుకున్నవారిని పనిలో పెట్టుకునే యజమానికి మొదటి కొన్ని నెలల కూలిలో వాటా ప్రభుత్వం ఇవ్వాలి. ముందు ఒక్క జిల్లాలో చేసి చూడమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ కోరుతున్నాను. ఈలోగా ఇంట్లో ఎవరికైనా సాయం కావాలంటే జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.